ఎంబీబీఎస్ దక్కని సుబ్బారావు గారు

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ ల్యాబులో రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచేవాళ్లం. రికార్డులో పైన ‘ఫిస్కే-సుబ్బారో పద్ధతి’ అని రాసి, సంతకం చేయించుకుని బయటపడేవాళ్లం. ఆ సుబ్బారో అంటే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారేనని నాకు తెలిసింది, అనాటమీ తప్పి మళ్లీ చదువుతున్న రోజుల్లో. మన సైన్సు మాస్టారు బడిలోనే చెప్పి ఉంటారు. వెనక బెంచీలో కూర్చున్న నాకు వినబడలేదేమో!

ఆయన 1895లో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఈ ముక్క చదివాక ఆ రాత్రి నాకు కాస్త నిద్ర పట్టింది.

కాబోయే మామగారి సాయంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదికీ ఖద్దరు గౌనే వేసుకెళ్లారు. సర్జరీ ప్రొఫెసరు దొరకు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోనే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు. నేను తప్పిన సబ్జెక్టే!

1922లో బోస్టన్ చేరి హార్వర్డులో ట్రాపికల్ మెడిసిన్ చదివారు. పొట్ట గడవడానికి అక్కడి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. డాక్టరు చదువు చదివినవాడు ఆ పని చేయడమంటే ఎలా ఉంటుందో, వార్డు డ్యూటీలు చేసిన మనవాళ్లు ఊహించగలరు. ఫిస్కే గారితో కలిసి ఫాస్ఫరస్ పద్ధతి ప్రకటించింది 1925లో. మన కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని వాళ్లు పట్టుకున్నది ఆ తర్వాతే. అయినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు.

చదువుకునే రోజుల్లోనే తోడబుట్టినవాణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకు పనికొచ్చిన ఫోలిక్ యాసిడ్‌ను 1945లో లెడర్లీలో ఆయన బృందమే తయారు చేసింది. నా దగ్గరికి వచ్చే గర్భిణులకు రోజూ రాసే చిన్న మాత్ర అదే.

1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు, 53 ఏళ్లకు. పాతికేళ్లలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.