దవడలో దాగిన పన్ను – దాన్ని చూపించిన రాంట్‌జన్

వార్షికోత్సవ సంచిక అనగానే ఒక మహనీయుని జీవితం ఉండాలి. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి రాసేవాళ్ళు మన హాస్టళ్ళలో ఏటా ఉంటారు, ఉండాలి కూడా. మేము ఈసారి ఒక జర్మనీ శాస్త్రవేత్తను ఎంచుకున్నాం. అందుకు కారణం పంటి నొప్పి. నవ్వకండి, చదివితే మీకే తెలుస్తుంది.

హాస్టల్లో ఉన్నవాళ్ళకు పంటి నొప్పి గురించి ఒకరు చెప్పక్కర్లేదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక దవడ పట్టుకుని కూర్చున్నవాడికి ఒకరు లవంగం ఇస్తారు, ఒకరు ఉప్పునీళ్ళు పుక్కిలించమంటారు, ఇంకొకరు బుగ్గకు అమృతాంజనం రాస్తారు. తెల్లారేసరికి తగ్గితే మరచిపోతాం. ఇంటర్, డిగ్రీ చదివే వయసులో చివరి దవడ దగ్గర నొప్పి వస్తే జ్ఞానదంతం వస్తోందని అందరం కలిసి తేల్చేస్తాం. చాలాసార్లు అదే నిజమవుతుంది. కానీ కొద్దిమందిలో ఆ జ్ఞానదంతం వెనుక ఇంకొకటి నక్కి ఉంటుంది.

పెద్దవాళ్ళ నోట్లో పళ్ళు 32. వాటిలో నమలడానికి పనికొచ్చే పెద్ద దవడపళ్ళు 12, అంటే పైన కింద ఒక్కో పక్క మూడేసి. మూడోదే జ్ఞానదంతం. దాని వెనుక నాలుగో దవడపన్ను తయారైతే దంతవైద్యులు డిస్టోమోలార్ అంటారు. వరుస వెనుక కాకుండా బుగ్గ వైపో, నాలుక వైపో దవడపన్నుకు ఆనుకుని వస్తే దాని పేరు పారామోలార్. రెండూ అరుదైనవే. కింది దవడలో కన్నా పై దవడలో ఎక్కువ కనిపిస్తాయి. చాలావరకు మామూలు పన్నంత ఉండవు, చిన్నగా మొన తేలి ఉంటాయి. ముందు పళ్ళ దగ్గర పన్ను మీద పన్ను వస్తే అదృష్టమని మన అమ్మమ్మలు అంటారు. అది అద్దంలో కనబడుతుంది. వెనుకది అలా కాదు. ఎక్కువ సార్లు చిగురు కింద, ఎముక లోపల అడ్డంగా పడుకుని ఉంటుంది. డాక్టరు గారి చూపుకు గానీ, వేలికి గానీ, నోట్లో పెట్టే చిన్న అద్దానికి గానీ అందదు. అది ఉందని చెప్పగలిగేది ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రేను లోకానికి ఇచ్చినవాడు విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జన్.

ఆయన 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. తండ్రిది బట్టల వ్యాపారం. ఒక్కడే కొడుకు. మూడేళ్ళ వయసులో కుటుంబం హాలెండ్‌లోని ఆపెల్‌డోర్న్‌కు తరలిపోయింది. మన బెజవాడ దగ్గర కృష్ణ మీద మొదటి ఆనకట్ట పూర్తయిన 1855లో ఆ పిల్లవాడికి పదేళ్ళు. చదువులో మరీ గొప్పవాడేమీ కాదు. చేతిపని, యంత్రాలు, అడవుల్లో తిరగడం, వీటి మీద ఇష్టం ఉండేది.

పదిహేడేళ్ళప్పుడు ఊట్రెక్ట్ నగరంలో సాంకేతిక పాఠశాలలో చేరి, గునింగ్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుని ఇంట్లో ఉంటూ చదువుకున్నారు. ఇల్లు వదిలి పరాయి ఊళ్ళో ఉండి చదువుకోవడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. అక్కడ ఒకరోజు తరగతి గదిలో ఎవరో ఒక ఉపాధ్యాయుని వెక్కిరిస్తూ బొమ్మ గీశారు. గీసింది రాంట్‌జన్ కాదు. గీసినవాడెవరో ఆయనకు తెలుసు. పేరు చెప్పమన్నారు, చెప్పలేదు. బడి నుంచి పంపేశారు.

చెప్పి ఉండాల్సిందా, లేదా అని మాలో మాకే వాదన జరిగింది. తోటివాడి పేరు చెప్పకుండా దెబ్బలు తినడం హాస్టల్లో కొత్త సంగతి కాదు. కానీ రాంట్‌జన్‌కు పడిన దెబ్బ ఒక్కరోజుతో పోలేదు. పాఠశాల చదువు పూర్తయినట్టు ధ్రువపత్రం చేతికి రాలేదు. బయటినుంచి పరీక్ష రాసి సంపాదించుకోవాలని చూశారు, అదీ కుదరలేదు. ఆ కాగితం లేకుండా విశ్వవిద్యాలయంలో పూర్తిస్థాయి విద్యార్థిగా చేర్చుకోరు. టీసీ కోసం, కుల ధ్రువీకరణ కోసం, ఆదాయ ధ్రువీకరణ కోసం కాళ్ళరిగేలా తిరిగిన మనకు, ఒక్క కాగితం లేకపోతే ఏమవుతుందో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆ కాగితం లేకపోయినా చేర్చుకునే చోటు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పాలిటెక్నిక్. 1865లో అక్కడికి వెళ్ళారు. 1868లో మెకానికల్ ఇంజనీరింగ్ డిప్లొమా, 1869లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ వచ్చాయి. ఆగస్ట్ కుంట్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆయనను సహాయకునిగా తీసుకున్నారు. 1870లో కుంట్ జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్తూ రాంట్‌జన్‌ను వెంట తీసుకెళ్ళారు. అక్కడ పాఠం చెప్పే అర్హత ఇవ్వమంటే, పాఠశాల ధ్రువపత్రం లేదు కాబట్టి కుదరదన్నారు. డాక్టరేట్ ఉన్నా సరే, బడి కాగితం కావాలట! 1872లో గురుశిష్యులిద్దరూ స్ట్రాస్‌బుర్గ్ వెళ్ళిపోయారు. అక్కడ 1874లో ఆ అర్హత దొరికింది. అదే 1872లో ఆయన పెళ్ళయింది. భార్య అన్నా బెర్తా జ్యూరిక్‌లో చిన్న హోటలు నడిపిన ఆయన కూతురు, భర్త కన్నా ఆరేళ్ళు పెద్ద. వాళ్ళకు పిల్లలు లేరు. బెర్తా సోదరుని కూతురిని ఆరేళ్ళ వయసులో తెచ్చి పెంచుకున్నారు.

తర్వాత రెండుమూడు ఊళ్ళలో ఉద్యోగాలు చేసి, 1888లో ఆయన మళ్ళీ వుర్జ్‌బుర్గ్ వచ్చారు. ఈసారి భౌతికశాస్త్ర ఆచార్యునిగా. 1894లో ఆ విశ్వవిద్యాలయానికే అధిపతి అయ్యారు. కాగితం లేదని పాఠం చెప్పనివ్వని చోటే అది.

1895 నవంబరు 8, శుక్రవారం సాయంత్రం. గాలి తీసేసిన గాజు గొట్టంలోంచి విద్యుత్తు పంపి ప్రయోగం చేస్తున్నారు. గొట్టానికి నల్లటి అట్ట చుట్టి, గది చీకటి చేశారు. కొంచెం అవతల రసాయనం పూసిన తెర ఒకటి ఉంది. గొట్టంలోంచి వెలుతురు బయటికి వచ్చే దారి లేదు, అయినా తెర మెరిసింది. కంటికి కనిపించనిదేదో అట్టను దాటి వెళ్తోందన్నమాట. చాలామంది ఆచార్యులు ఇలాంటి గొట్టాలతోనే పనిచేశారు, ఆ మెరుపు దగ్గర ఆగి ఆలోచించినది ఈయన. ఆరేడు వారాలు ఎవరికీ చెప్పకుండా, ప్రయోగశాలలోనే తింటూ, అక్కడే పడుకుంటూ పరీక్షించారు. కాగితం, చెక్క, మాంసం దాటిపోయే ఆ కిరణాలు ఎముక దగ్గర, సీసం దగ్గర ఆగుతున్నాయని తేలింది. డిసెంబరు 22న భార్య చేతిని ఫోటో పలక మీద పెట్టించి తీసిన బొమ్మలో వేళ్ళ ఎముకలు, ఉంగరం కనిపించాయి. బెర్తా ఆ బొమ్మ చూసి భయపడిందంటారు. బతికుండగా సొంత ఎముకలు చూసుకోవడమంటే మాటలు కాదు కదా. డిసెంబరు 28న వ్యాసం ఇచ్చారు. లెక్కల్లో తెలియని రాశికి ఎక్స్ అని పెడతాం, ఆయన కూడా ఆ కిరణాలకు అదే పేరు పెట్టారు.

పళ్ళ సంగతికి వస్తే, ఆలస్యమే జరగలేదు. 1896 జనవరిలోనే, కబురు బయటికి వచ్చిన రెండు వారాల్లో, జర్మనీలోనే ఓటో వాల్‌ఖాఫ్ అనే దంతవైద్యుడు తన నోటికే ఎక్స్‌రే తీయించుకున్నారు. చిన్న గాజు పలకకు నల్ల కాగితం, రబ్బరు చుట్టి నోట్లో పెట్టుకుని 25 నిమిషాలు కదలకుండా ఉన్నారు. ఇప్పుడు ఒక్క సెకను కూడా పట్టదు.

ఇక నాలుగో దవడపన్ను దగ్గరికి వద్దాం. నోట్లో పెట్టే చిన్న ఫిల్ము అందరూ చూసే ఉంటారు. ఆ ఫిల్ము జ్ఞానదంతం దాకా వెళ్ళడమే కష్టం, వాంతి వచ్చినట్టు అవుతుంది. దాని వెనుక ఉన్నది అందులో పడకపోవచ్చు. అందుకే అనుమానం ఉంటే ఓపీజీ తీయమంటారు. తల కదలకుండా నిలబెడితే యంత్రం ముఖం చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే బొమ్మలో చూపిస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన పాటెరో అనే దంతవైద్యుని కృషి వల్ల 1950 ప్రాంతంలో ఈ పద్ధతి వచ్చింది. చాలామందిలో అదనపు దవడపన్ను బయటపడేది ఇలాగే, వేరే పని మీద, అంటే క్లిప్పులు వేయించుకోవడానికో జ్ఞానదంతం తీయించుకోవడానికో వెళ్ళినప్పుడు.

అయితే ఎక్స్‌రే నీడ మాత్రమే. పన్ను ఉందని చెబుతుంది, బుగ్గ వైపు ఉందా, నాలుక వైపు ఉందా అన్నది చెప్పదు. పారామోలార్ విషయంలో అది తెలియకుండా కోయకూడదు. 1910 నాటి నుంచి దీనికొక ఉపాయం ఉంది. విజయవాడ నుంచి బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి తాటిచెట్టు వెనక్కి పరుగెత్తుతుంది, పొలాల అవతలి చెట్టు మనతోపాటే వస్తున్నట్టు ఉంటుంది. ఇదీ అంతే. ఎక్స్‌రే గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపి రెండో ఫిల్ము తీస్తారు. పక్క పన్నుతో పోలిస్తే అదనపు పన్ను గొట్టం జరిగిన వైపే జరిగినట్టు కనబడితే అది దూరంగా, నాలుక వైపు ఉన్నట్టు. ఎదురు దిక్కుకు జరిగితే దగ్గరగా, బుగ్గ వైపు ఉన్నట్టు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యే లెక్క. ఇప్పుడు మూడు కొలతల్లో చూపించే సీబీసీటీ స్కాన్ వచ్చింది. ఖర్చు ఎక్కువ, కిరణాల మోతాదూ ఎక్కువ, కాబట్టి అవసరమైనవాళ్ళకే రాస్తారు.

ఉందని తెలిసిందని పీకించేసుకోనక్కర్లేదు. ఎముకలో లోతుగా, ఎవరి జోలికీ పోకుండా ఉంటే అప్పుడప్పుడు ఎక్స్‌రేతో గమనిస్తూ వదిలేయవచ్చు. జ్ఞానదంతాన్ని రాకుండా అడ్డుకున్నా, పక్క పన్ను వేరును తినేస్తున్నా, అన్నం మెతుకులు ఇరుక్కుని పుచ్చుతున్నా, చిగురు మాటిమాటికీ వాస్తున్నా, చుట్టూ నీటితిత్తి కట్టినా తీయాల్సిందే. మొద్దుబారే ఇంజక్షన్ ఇచ్చి, చిగురు విప్పి, కావలసినంత ఎముక తొలిచి, పన్నును అవసరమైతే ముక్కలు చేసి తీసి, కుట్లు వేస్తారు. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం దగ్గరలోనే వెళ్తుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి తిమ్మిరెక్కుతుంది, ఎక్కువమందిలో తగ్గుతుంది, కొందరిలో మిగిలిపోతుంది. పై దవడలో సైనస్ అనే గాలిగది పక్కనే ఉంటుంది. అందుకే ముందు ఎక్స్‌రే చూసి దారి నిర్ణయించుకుంటారు. నోటినిండా అనేక అదనపు పళ్ళు కనిపిస్తే వేరే సంగతి. మెడ కింది ఎముక సరిగా పెరగని ఒక జన్యులోపంలో అలా వస్తాయి, ఆ పిల్లలకు ఒళ్ళంతా పరీక్ష చేయాలి.

గన్నవరం నుంచి అవనిగడ్డ దాకా మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరికైనా చివరి దవడ తరచూ వాస్తుంటే, లవంగంతో సరిపెట్టకండి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. గర్భిణులైతే ఎక్స్‌రేకు ముందే ఆ సంగతి చెప్పాలి.

ఈ మాట ఎందుకంటే, మొదట్లో ఆ కిరణాలు హాని చేస్తాయని ఎవరికీ తెలియదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు 1896 నుంచి రోగుల నోట్లో ఫిల్ము తన చేత్తోనే పట్టుకుని తీసేవారు. చేతికి క్యాన్సర్ వచ్చింది. వేళ్ళు పోయాయి, తర్వాత చెయ్యే పోయింది. బాధ తట్టుకోలేక 1928లో ప్రాణం తీసుకున్నారు. ఈరోజు టెక్నీషియన్ మనల్ని కూర్చోబెట్టి తాను అవతలికి వెళ్ళి బటన్ నొక్కుతున్నాడంటే అలాంటివాళ్ళు పడిన బాధ వల్లనే.

రాంట్‌జన్ తలచుకుంటే ఎక్స్‌రేకు పేటెంట్ తీసుకుని కోటీశ్వరుడు కావచ్చు. తీసుకోలేదు. కనిపెట్టింది మనుషులందరిదీ అని ఆయన అభిప్రాయం. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆ డబ్బు వుర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. పేరు ముందు ప్రభువుల బిరుదు తగిలిస్తామంటే వద్దన్నారు. తనకు కాగితం లేదన్న విశ్వవిద్యాలయానికే ఆ సొమ్ము వెళ్ళడం మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. అంత పెద్ద మనసు మాకైతే ఉండదేమో!

1900 నుంచి ఆయన మ్యూనిక్‌లో ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1919లో బెర్తా చనిపోయింది. యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బుకు విలువ పోయి, దాచుకున్నదంతా కరిగిపోయింది. పేటెంట్ డబ్బు లేదు, నోబెల్ డబ్బు లేదు. పేగు క్యాన్సర్‌తో 1923 ఫిబ్రవరి 10న కన్నుమూశారు. తన శాస్త్ర కాగితాలన్నీ కాల్చేయమని వీలునామా రాశారు, అలాగే కాల్చారు. ఆయన సమాధి గీసెన్ పట్టణంలో, తల్లిదండ్రుల సమాధుల దగ్గర ఉంది.