బంగూ మిల్లుపేట బ్యాకు

సాయంకాలపు ఆటవేళ మా పాఠశాల మైదానములో పిల్లలు జట్లు పంచుకొనుట చూచుచుందుము. ముందువరుసలో ఆడుటకు అందరును సిద్ధమే. బ్యాకుగా నిలువుమన్న పిల్లవాడు మాత్రము ముఖము ముడుచుకొనును. వచ్చిన బంతిని బలముకొలది తన్ని దూరముగా పంపివేయుట తప్ప బ్యాకునకు వేరు పని లేదని వాని తలంపు. ఆ తలంపు సరికాదని తన ఆటచేతనే చూపిన యొక బ్రెజిల్ దేశీయుని జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపబూనితిమి. అతని పేరు దొమింగోస్ ద గియా.

అతడు 1912వ సంవత్సరము నవంబరు 19వ తేదీన రియో డి జనీరో నగరపు పడమటి శివారైన బంగూలో జన్మించెను. బంగూ ఆనాడు బట్టల మిల్లుపేట. గడచిన శతాబ్దికి ముందటి శతాబ్ది చివరలో అచ్చట నొక పెద్ద మిల్లు వెలసెను; దాని చుట్టును ఊరు పెరిగెను. మిల్లు భోంగా మ్రోతకు లేచిన దినములు జ్ఞాపకమున్న మన షోలాపురపు పెద్దలకు ఆ పేట బ్రదుకును విడిగా వర్ణింపనక్కరలేదు. మిల్లు యంత్రములతోపాటు వానిని నడపు నిపుణులును ఇంగ్లండునుండి వచ్చిరి. వారితోడనే ఫుట్‌బాలును వచ్చెను. 1904లో వారొక క్లబ్బు పెట్టిరి. అయితే రెండు జట్లు నిండుటకు చాలినంతమంది ఆంగ్లేయులు ఆ పేటలో లేరు. అందుచేత మిల్లు పనివారిని చేర్చుకొనక తప్పలేదు. 1905లోనే ఫ్రాన్సిస్కో కరెగాల్ అను నేతపనివాడు, నల్లజాతి తల్లి కుమారుడు, ఆ జట్టులో ఆడెను.

ఇది చిన్న విషయము కాదు. బ్రెజిల్‌లో బానిసత్వమును రద్దుచేసిన శాసనము 1888లో వచ్చినది. దొమింగోస్ పుట్టుటకు అది ఇరువదినాలుగేండ్ల క్రిందటి మాట మాత్రమే. రియో నగరపు పెద్ద క్లబ్బులు ధనికుల బిడ్డలవి, తెల్లవారివి. 1923లో వాస్కో ద గామా అను క్లబ్బు నల్లవారిని, కూలివారిని కూర్చిన జట్టుతో నగర విజేత కాగా, మరుసటి యేడు పెద్ద క్లబ్బులు వేరు సంఘము పెట్టుకొని, ఆ ఆటగాండ్రలో పన్నెండుగురిని తొలగించినగాని వాస్కోను చేర్చుకొనమనిరి. వాస్కో వారు తొలగింపమనిరి. ఆ తగవు జరుగునప్పటికి దొమింగోస్ పదకొండేండ్ల పిల్లవాడు.

అతని అన్నలును ఆటగాండ్రే. వారిలో లాదిస్లావు బంగూ క్లబ్బు తరఫున అందరికంటె నెక్కువ గోలులు కొట్టినవాడని పేరు. కాని తమ్మునికి ఆటయన్న భయముండెను. నల్లవాడు పొరపాటున ప్రత్యర్థి కాలు తగిలినను, ఒక్కొక్కప్పుడు ఏ తప్పు లేకున్నను, మైదానములోనే దెబ్బలు తినుటను అతడు చిన్ననాట కన్నులార చూచియుండెను. అతడు నాట్యములో మాత్రము నేర్పరి. మిఉదీన్యో అని ఆ దేశపు సాంబా నాట్యములో నొక రీతి కలదు; అడుగులు మిక్కిలి చిన్నవి, మిక్కిలి వడిగలవి. నాట్యమునందలి ఆ అడుగులనే మైదానములోను వేయుమని అన్న అతనికి బోధించెనట. ఎదుటివాని మేను తాకకుండ, తన మేనికి వాని దెబ్బ తగులకుండ బంతిని తప్పించుకొనిపోవు విద్య అట్లు పుట్టినది. అతని కౌశలమునకు మూలము భయమని చెప్పినచో తక్కువ చేసినట్లు కాదని మా యభిప్రాయము.

ఆ కాలపు ఆటతీరును ఇచ్చట కొంచెము చెప్పవలసియున్నది. గోలు కాపరి ముందు బ్యాకులు ఇద్దరే. వారి ముందు హాఫ్‌బ్యాకులు ముగ్గురు. ఆ ముందు ఐదుగురు ఫార్వర్డులు. 1925లో ఆఫ్‌సైడు నిబంధనను సడలించిరి. అంతకు పూర్వము ఫార్వర్డునకును గోలు గీతకును నడుమ ప్రత్యర్థులు ముగ్గురుండవలెను. తరువాత ఇద్దరున్న చాలును. దానితో బ్యాకుల మీద భారము పెరిగెను. అట్టి వేళ బ్యాకులు చేయు పని ఒక్కటే: బంతి కనబడిన తన్నుట, లేదా మనిషిని తన్నుట. దొమింగోస్ ఈ రెండును చేయడు. పరుగెత్తుకొని వచ్చు ఫార్వర్డు మీదికి ఎగబడక, నిలుచుండి చూచును. వాడు బంతిని ఒక జేనెడు ముందునకు వదలిన క్షణమున కాలుచాచి తీసికొనును. తీసికొన్న పిమ్మటనైనను తొందరపడడు. తన గోలు ఎదుటనే, చూచువారి గుండెలు కొట్టుకొనుచుండగా, మరియొకనిని తప్పించి, తల యెత్తి, ఖాళీగానున్న తనవానికి బంతి నందించును. ఈ సాహసమునకు బ్రెజిల్ వారు అతని పేరుమీదనే దొమింగాద యని పేరుపెట్టిరి. అతనిని చూచి ఇతరులును అట్లే చేయబోయి బంతి పోగొట్టుకొని గోలులు తెచ్చుకొనిరి. కావున కాలక్రమమున ఆ మాట బ్యాకు చేసిన తెలివితక్కువ పనికిని వాడుకయైనది!

1929లో అతడు బంగూ పెద్దజట్టులో చేరెను. 1931లో దేశపు జట్టులో ఆడెను. 1932 డిసెంబరులో మాంటెవిడియో నగరమున బ్రెజిల్ జట్టు ఉరుగ్వే జట్టును 2-1 గోలులతో ఓడించెను. ఉరుగ్వే అనగా 1930లో మొదటి ప్రపంచ కప్పు గెలిచిన దేశము. వారిని వారి గడ్డమీదనే ఓడించుట సామాన్యము కాదు. ఆ రెండు గోలులు లియోనిదాస్ అను యువకుడు కొట్టెను. వెనుక దొమింగోస్ నిలిచెను. ఉరుగ్వే వారు చూచి ఊరకుండలేదు. మరుసటి యేడే నాసియొనాల్ క్లబ్బు వారు దొమింగోసును మాంటెవిడియోకు పిలిపించుకొనిరి.

జీతము మాటయు ఇచ్చట చెప్పవలెను. బ్రెజిల్‌లో 1933 వరకు ఆటగానికి జీతమిచ్చుట నియమ విరుద్ధము. ఇచ్చినను చాటుగా నిచ్చెడివారు. ధనికుల బిడ్డకు ఆట వినోదము కావచ్చును. మిల్లుపేట బిడ్డకు ఆటయే కూడు పెట్టవలెను. అర్జెంటీనా, ఉరుగ్వే దేశములలో వృత్తి ఆటగాండ్ర పద్ధతి అంతకు ముందే వచ్చియుండెను. అందుచేత అతడు పొరుగు దేశమునకు, పొరుగు భాషలోనికి పోయెను. అతని భాష పోర్చుగీసు, అచ్చటి భాష స్పానిషు. ఇంట నొక భాష, వీధిలో నొక భాషగా పెరిగిన మన పిల్లలకు ఇది వింతగా తోపదు. మాంటెవిడియోలో అతని జోడి బ్యాకు, 1930 ప్రపంచ కప్పు నందుకొన్న ఉరుగ్వే నాయకుడైన హోసె నసాసి.

1933వ సంవత్సరపు ఉరుగ్వే పోటీలో నాసియొనాల్ విజేత. ఆ పోటీ తగవులలో చిక్కి 1934 చివరకు గాని తేలలేదు. ఈలోగా అతడు స్వదేశమునకు మరలి వాస్కో ద గామాలో చేరగా, 1934లో రియో విజయము వాస్కోదయ్యెను. 1935లో బ్వేనోస్ ఐరీస్ నగరపు బోకా జూనియర్స్ క్లబ్బునకు పోగా, ఆ యేడు అర్జెంటీనా విజేత బోకా. వరుసగా మూడు సంవత్సరముల పోటీలు, మూడు దేశములు, మూడు విజయములు. అయినను 1934 ప్రపంచ కప్పునకు అతడు పోలేదు. వృత్తి ఆటగాండ్ర క్లబ్బులకును జాతీయ సంఘమునకును నడుమ వైరము అప్పుడు తీవ్రముగానుండెను. బ్రెజిల్ ఒక్క ఆట ఆడి స్పెయిను చేతిలో ఓడి తిరిగివచ్చెను.

1936లో ఫ్లమెంగో క్లబ్బు వారు దొమింగోసును, లియోనిదాసును, ఫౌస్తో అను మరియొక మేటిని చేర్చుకొనిరి. ముగ్గురును నల్లవారే. కొలది కాలములోనే ఫ్లమెంగో సామాన్య జనుల ప్రీతిపాత్రమైన క్లబ్బుగా మారుటకు ఇది ముఖ్య కారణమని చెప్పుదురు.

ఇక 1938. ప్రపంచ కప్పు ఫ్రాన్సు దేశములో జరిగెను. బ్రెజిల్ జట్టు ఓడమీద సముద్రము దాటి పోయెను. ఆ యేడు తొలిసారిగా ఆటల వర్ణనము రేడియో ద్వారా అప్పటికప్పుడే బ్రెజిల్ దేశమునకు వినవచ్చెను. జూన్ 5న స్ట్రాస్‌బర్గులో పోలండుతో ఆట: నియమిత కాలమునకు 4-4, అదనపు కాలమున బ్రెజిల్‌కు 6-5. జూన్ 12న బోర్డోలో చెకోస్లోవేకియాతో 1-1. ఆ ఆటలో దెబ్బలాట మితిమీరి ముగ్గురు వెలివేయబడిరి. వారిలో దొమింగోస్ జోడి బ్యాకు మషాదో ఒకడు. దొమింగోస్ వారిలో లేడు. రెండు దినములకు తిరిగి ఆడిన ఆటలో అతనికి విశ్రాంతి నిచ్చిరి. బ్రెజిల్ 2-1తో గెలిచెను.

జూన్ 16న మార్సేయిలో ఇటలీతో సెమీఫైనలు. లియోనిదాస్ ఆడలేదు. ఇటలీ ముందుగా నొక గోలు కొట్టెను. ఇటలీ సెంటర్ ఫార్వర్డు సిల్వియో పియోలా బలశాలి, నేర్పరి, ఎదుటివానిని కవ్వించుటలోను ఘనుడు. ఆట యంతయు అతడును దొమింగోసును ఒకరి నొకరు కనిపెట్టియుండిరి. ఒక సమయమున బంతి వారికి దూరముగానుండగా పియోలా తన్నెను. దొమింగోస్ తిరిగి తన్నెను. రిఫరీ కంట పడినది రెండవ తన్ను. అది గోలు ఎదుటి పెనాల్టీ గీతల లోపల జరిగెను. బంతి ఆటలోనున్నంతవరకు, అది మైదానమున ఎచ్చటనున్నను, ఆ గీతల లోపల బ్యాకు ప్రత్యర్థిని తన్నినచో పెనాల్టీయే. మెయాజా గోలు కొట్టెను. ఇటలీకి రెండు. ఆట ముగియుటకు మూడు నిమిషములుండగా బ్రెజిల్ తరఫున రొమెయు ఒకటి కొట్టెను. రెండవది రాలేదు.

ఏ కాలు ఎవరినీ తన్నకుండుటనే విద్యగా నేర్చెనో, ఆ కాలే ఒక్కసారి కోపమునకు లోబడెను. మిల్లుపేటలోని భయమును పదిపదునైదేండ్లు అదుపులో నుంచుకొన్నవాడు ఆ ఒక్క క్షణము ఉంచుకొనలేకపోయెను. ఆ సమయమున బంతి ఆటలో లేదనియు, కావలసిన తనను వెలివేయవచ్చును గాని పెనాల్టీ న్యాయము కాదనియు అతడు వృద్ధాప్యము వరకు వాదించుచుండెను. మేము తీర్పు చెప్పజాలము. కాని అతడు నిరపరాధియని వాదించుటకును మాకు మనసొప్పదు. మూడు దినముల తరువాత స్వీడనును 4-2తో ఓడించి బ్రెజిల్ మూడవ స్థానము పొందెను. ఆ ఆటలో దొమింగోస్ ఆడెను. యుద్ధము వలన 1942లోను, 1946లోను ప్రపంచ కప్పు జరుగలేదు. కాన ఆ తన్నును మరపింపగల మరియొక ప్రపంచ కప్పు అతనికి దక్కలేదు.

స్వదేశమున అతని మర్యాద తగ్గలేదు. దివ్యాచార్యుడను అర్థమిచ్చు బిరుదుతో అతనిని పిలిచెడివారు. 1939, 1942, 1943 సంవత్సరములలో ఫ్లమెంగో రియో విజేత. 1944లో సావో పౌలో నగరపు కొరింథియన్స్ క్లబ్బునకు పోయి నాలుగేండ్లాడెను. అచ్చట రాష్ట్ర విజయము లభింపలేదు. 1948లో బంగూ క్లబ్బునకే తిరిగివచ్చి ఆట చాలించెను. దేశము తరఫున 1946 వరకు ఆడిన ముప్పది ఆటలలో అతడు కొట్టిన గోలు ఒక్కటియు లేదు. లియోనిదాసు బిరుదుతో నల్లవజ్రమను చాక్లెట్టు అంగళ్ళలోనికి వచ్చెను, నేటికిని అమ్ముడగుచున్నది. బ్యాకు పేర ఏ చాక్లెట్టును రాలేదు.

అతని కుమారుడు అదెమీర్ 1942లో పుట్టెను. అతడును బంగూలోనే ఆట మొదలుపెట్టి, 1961లో సావో పౌలోలోని పల్మెయిరాస్ క్లబ్బులో చేరి, పదునారేండ్లలో తొమ్మిదివందల ఆటలకు పైగా ఆడెను. బ్యాకు కాదు, నడిమి ఆటగాడు. అతనికిని తొందర లేదు. తండ్రి బిరుదులో సగము, దివ్యుడను మాట, కుమారునికి వచ్చెను. అదెమీర్ ప్రపంచ కప్పులో ఆడినది ఒక్క ఆట: 1974లో మ్యూనిక్ నగరమున మూడవ స్థానము కొరకు. ఎదుటిజట్టు పోలండు, 1938లో తండ్రి తొలి ఆట నాడిన జట్టే. ఆ దినమున బ్రెజిల్ 1-0తో ఓడెను; ఆట ముగియకముందే అదెమీరును మైదానమునుండి పిలిచివేసిరి.

దొమింగోస్ 2000వ సంవత్సరము మే 18న రియోలో ఎనుబదియేడేండ్ల వయసున మరణించెను. బంగూ మిల్లు మూతపడిన పిమ్మట, దాని కట్టడములో 2007లో అంగళ్ళు వెలసెను.