క్లిక్ ట్రాక్ లేని మాస్టారు

భవానీపురంలో మా ఫ్రెండ్ గదిలో ఫెస్ట్ పాట రికార్డు చేస్తున్నాం. ఒకసారి క్లిక్ ఆపేసి వాయిద్దామని సరదా పడ్డాం. నిమిషం తిరక్కుండానే డ్రమ్స్ ముందుకి పరిగెత్తాయి, పాట వెనకబడిపోయింది. మరి క్లిక్ అనేదే లేని రోజుల్లో ఎలా రికార్డు చేశారబ్బా అనుకుంటుంటే, మన కృష్ణా జిల్లా మనిషే గుర్తొచ్చారు. ఘంటసాల మాస్టారు.

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. నాన్న సూరయ్యగారు మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. ఆ పాటకి పిల్లాడు అడుగులు వేసేవాడు. అంటే తాళం ఆయన కాళ్లకి ముందొచ్చింది, గొంతుకి తర్వాతొచ్చింది.

ఆ మృదంగం ఎన్నాళ్లో మోగలేదు. కొడుక్కి పదకొండేళ్లప్పుడు సూరయ్యగారు పోయారు. పోతూ పోతూ సంగీతం నేర్చుకోమని కోరారు. ఆ మాట పట్టుకుని, వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు కుర్రాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె పట్టి మధుకరం ఎత్తుకోవాల్సి వచ్చింది. చదువు పూర్తిచేశాక క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. ఆ తర్వాత మద్రాసులో అవకాశాల కోసం తిరుగుతూ పానగల్ పార్కులో పడుకున్న రాత్రులూ ఉన్నాయి.

ఇక రికార్డింగు సంగతి. అప్పట్లో గాయకుడు, వాద్యబృందం అంతా ఒకేసారి పాడి వాయించాలి. తబలా గట్టిగా వినిపిస్తే మైకు నుంచి దూరం జరపడమే మిక్సింగు. చివరి చరణంలో ఒక్కరు తప్పినా అందరూ మళ్లీ మొదటికే. మనలా ఆ ఒక్క ముక్కా కత్తిరించి అతికించడం కుదరదు.

అందుకే అప్పటివాళ్లకి రెండు మాటలు ప్రాణం. ఒకటి కాలప్రమాణం: ఎత్తుకున్న వేగం చివరిదాకా నిలబడటం. రెండోది ఎడుపు: తాళంలో పాట ఎత్తుకునే చోటు. తాళంతో పాటే మొదలైతే సమం. పాట ముందు మొదలైతే అతీతం, తాళం మొదలయ్యాక ఎత్తుకుంటే అనాగతం. మనం పికప్ అంటున్నది అతీతానికి దగ్గరి చుట్టమే.

పాడటమే కాదు, ‘పాతాళభైరవి’ (1951), ‘లవకుశ’ (1963) లాంటి సినిమాలకి సంగీతం కూర్చిందీ ఆయనే. 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆరోగ్యం దెబ్బతిన్న చివరి రోజుల్లో భగవద్గీత రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారు. అప్పటికి యాభై రెండు కూడా నిండలేదు. ఇప్పుడు మన విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకి ఆయన పేరే.

డ్రమ్మర్లూ, ఒక పని చేయండి. కర్రలు పక్కన పెట్టి, మాస్టారి పాట ఏదైనా పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చేత్తో తాళం వేయండి. ఆఖరి సమం దగ్గర మీ చెయ్యీ ఆయన గొంతూ ఒకేచోట పడ్డాయో లేదో చూసుకోండి. మాకైతే మొదటిసారి పడలేదు.