కేంబ్రిడ్జిలో రామానుజన్ మొదటి చలికాలం

ప్రతి డిసెంబర్ 22న మన మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ గోడ మీద ఆ ఫోటో కనిపిస్తుంది. బిగుతు కోటు, గుండ్రటి మొహం, ఎటో చూసే కళ్లు. కింద 1729. ఎవరో ఒకరు మైకు పట్టుకుని టాక్సీ కథ చెబుతారు, మనం చప్పట్లు కొట్టి సమోసా తిని వచ్చేస్తాం. ఈ వ్యాసంలో ఆ టాక్సీ రాదు. నేను చెప్పబోయేది ఒక రగ్గు కథ.

ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయినేడాది ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్లిన మా సీనియర్ అన్న ఒకరు ఈమధ్య వీడియో కాల్‌లో నవ్వుతూ ఓ మాట చెప్పారు. మొదటి వారమంతా జాకెట్ వేసుకునే పడుకున్నారట. గదిలో హీటర్ ఉంది, దాని పక్కన తిప్పే నాబ్ కూడా ఉంది. అది దేనికో తెలియలేదు, అడగడానికి మొహమాటం. ఇక్కడ ఆయన డిపార్ట్‌మెంట్ టాపర్! ఫోన్ పెట్టేశాక నాకు రామానుజనే గుర్తొచ్చాడు.

శ్రీనివాస రామానుజన్ 1887లో ఈరోడ్‌లో పుట్టాడు, కుంభకోణంలో పెరిగాడు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. స్కూల్లో బహుమతులన్నీ ఇతనివే, కాలేజీకి వచ్చేసరికి లెక్కలు తప్ప ఇంకేదీ చదవలేదు. కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోయింది. మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు, మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. మన భాషలో చెప్పాలంటే క్లియర్ కాని బ్యాక్‌లాగులతో చదువు ఆగిపోయిన కుర్రాడు. నోటుబుక్కులు చంకలో పెట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్నప్పుడు ఆదుకున్నవాళ్లలో అప్పటి నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు ఒకరు. కొన్నాళ్లపాటు నెలకు 25 రూపాయలు సొంత డబ్బు ఇచ్చారు. మన వైపు నుంచి ఈ కథలో ఉన్న వాటా అది, చిన్నదేం కాదు. ఆ తర్వాత మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం వచ్చింది.

1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి రాసిన ఉత్తరం సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాన్ని దాటేస్తున్నాను. హార్డీ రమ్మన్నాడు, రామానుజన్ రానన్నాడు. సముద్రం దాటితే కులం వెలివేస్తుందన్న భయం అప్పట్లో ఉత్తమాట కాదు. పైగా అమ్మ కోమలత్తమ్మ ఒప్పుకోదు. చివరికి నామక్కల్ నామగిరి అమ్మవారు ఆమెకు కలలో కనిపించి, కొడుక్కి అడ్డు రావద్దని చెప్పిందని ఒక కథనం. కల మాట ఎలా ఉన్నా, 1914 జనవరిలో పాఠాలు చెప్పడానికి మద్రాసు వచ్చిన నెవిల్ అనే కేంబ్రిడ్జి లెక్కల మాస్టారు అడిగేనాటికి రామానుజన్ మనసు మారిపోయి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్ల స్కాలర్‌షిప్ ఇచ్చింది, ప్రయాణం ఖర్చులూ బట్టలూ అదనం. ఆ స్కాలర్‌షిప్‌లోంచి కొంత నెలనెలా అమ్మానాన్నలకు అందేలా ఏర్పాటు చేసుకున్నాడు.

ఇక ప్రయాణానికి తయారీ. మనకైతే సూట్‌కేస్ బరువు తూచుకోవడం, పచ్చడి సీసాలకు టేపు చుట్టడం. అతనికి పిలక తీయించుకోవడం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న పిలక తీసి, యూరపు పద్ధతిలో క్రాఫు చేయించారు. అమ్మా, భార్య జానకీ అది చూడకూడదని వాళ్లను ముందే కుంభకోణం రైలెక్కించేశాడు. జానకికి అప్పుడు పదిహేనేళ్లు ఉంటాయేమో. బూట్లు, టై, కాలరు ఎలా వేసుకోవాలో ఎవరో ఒకరు చూపించాల్సి వచ్చింది. ముల్లు చెంచాతో తినడం సరేసరి. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడ మద్రాసు రేవు వదిలింది. గొప్పగొప్పవాళ్లు వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. ఇంట్లోవాళ్లు మాత్రం లేరు.

ఏప్రిల్ 14న ఓడ లండన్ చేరింది. నెవిల్ కారుతో వచ్చి ఎదురుచూస్తున్నాడు. కొత్తగా వచ్చే భారతీయ విద్యార్థుల కోసం క్రామ్‌వెల్ రోడ్‌లో ఒక విడిది ఉండేది, కొన్ని రోజులు అక్కడ ఉంచి 18న కేంబ్రిడ్జికి తీసుకెళ్లాడు. చెస్టర్టన్ రోడ్‌లో నెవిల్ దంపతుల ఇంట్లోనే దాదాపు రెండు నెలలు బస.

కేంబ్రిడ్జి అనగానే మనకు మహానగరం అనిపిస్తుంది గానీ, అప్పటికి దానికి నగరం అన్న హోదా కూడా లేదు. అది వచ్చింది 1951లో. కానీ విశ్వవిద్యాలయం మాత్రం 1209 నుంచీ ఉంది. రామానుజన్ చేరిన ట్రినిటీ కాలేజీని ఎనిమిదో హెన్రీ రాజు 1546లో పెట్టాడు, న్యూటన్ చదివిందీ పాఠం చెప్పిందీ అక్కడే. కాలేజీల వెనక కామ్ నది, పచ్చగడ్డి, రాతి వంతెనలు. వచ్చింది వసంతంలో, పొద్దు రోజురోజుకీ పెరిగే కాలం. ఇంటి మనిషిలా చూసుకునేవాళ్లున్నారు. బూట్లు కాళ్లను నొక్కేస్తున్నాయని చెప్పులు వేసుకుని తిరిగేవాడు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రెండు నెలలూ బానే గడిచాయనే నా నమ్మకం.

లెక్కల్లో అయితే చెప్పక్కర్లేదు. హార్డీ రోజూ కలిసేవాడు, కలిసినప్పుడల్లా కొత్త సిద్ధాంతాలు చూపించేవాడు రామానుజన్. ఒకరోజు ఆర్థర్ బెర్రీ అనే ఆయన ఎలిప్టిక్ ఇంటెగ్రల్స్ మీద క్లాసు చెబుతున్నాడు. బోర్డు మీద ఫార్ములాలు సాధిస్తూ మధ్యలో చూస్తే రామానుజన్ మొహం వెలిగిపోతోంది. పాఠం అర్థమవుతోందా, ఏమైనా చెప్పాలా అని అడిగాడు. ఇతను లేచి వెళ్లి సుద్దముక్క తీసుకుని, మాస్టారు ఇంకా సాధించని ఫలితాలను కూడా బోర్డు మీద రాసేసి వచ్చి కూర్చున్నాడు. మన క్లాసులో ఎవరైనా ఇలా చేస్తే ఇంటర్నల్ మార్కులు ఏమవుతాయో ఊహించుకోండి.

జూన్‌లో నెవిల్ ఇంటి నుంచి ట్రినిటీలోని హ్యూయెల్స్ కోర్ట్ గదికి మారాడు. కాలేజీ దగ్గర, క్లాసులకు వీలు. అసలు ఒంటరితనం అక్కడ మొదలైందని నాకనిపిస్తుంది. కారణం తిండి. ట్రినిటీలో అందరూ ఒకే పెద్ద హాల్లో కూర్చుని భోంచేస్తారు. మాంసం వండే ఆ వంటశాల తిండి రామానుజన్ ముట్టడు. అందుకని గదిలోనే వండుకునేవాడు, ఒక్కడే తినేవాడు. హాస్టల్లో ఉన్నవాళ్లకు నేను విడమరిచి చెప్పాలా? మనకు స్నేహితులు దొరికింది క్లాసులో కాదు, మెస్సులో. నీళ్ల పప్పును అందరం కలిసి తిట్టుకుంటూ స్నేహితులమయ్యాం. అతనికి ఆ బల్లే లేకుండా పోయింది. ఊరికి రాసిన ఉత్తరంలో తనకు ఇంకేమీ అక్కర్లేదంటూ అడిగినవి రెండే: గింజ తీసిన చింతపండు, మంచి కొబ్బరినూనె.

ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. కొన్ని వారాల్లోనే ఊరు మారిపోయింది. కుర్రాళ్లు సైన్యంలోకి వెళ్లిపోయారు. ట్రినిటీలో నెవిల్స్ కోర్ట్ వసారాల్లో గాయపడ్డ సైనికుల మంచాలు వేశారు. హార్డీతో కలిసి ఇతనికి చెబుతున్న లిటిల్‌వుడ్ తర్వాత ఫిరంగి దళంలో చేరాడు. పొద్దు కుదించుకుపోయింది. అక్టోబర్ వచ్చింది. చలి మొదలైంది.

ఇప్పుడు రగ్గు సంగతి. పక్కనే కింగ్స్ కాలేజీలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ అనే కలకత్తా కుర్రాడు చదువుతున్నాడు. మెషిన్ లెర్నింగ్ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్లకు మహలనోబిస్ డిస్టెన్స్ గుర్తుండే ఉంటుంది. ఆ మహలనోబిసే, అప్పటికి ఇరవై ఒకటో ఏట ఉన్నాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది, ఆదివారాలు కలిసి నడకకు వెళ్లేవాళ్లు. ఆ చలికాలం మొదట్లో ఒకరోజు రామానుజన్ గదికి వెళ్తే, ఇతను నిప్పుగూడుకు బాగా దగ్గరగా కూర్చుని ఉన్నాడు. రాత్రిళ్లు వెచ్చగా ఉంటోందా అని మహలనోబిస్ మామూలుగా అడిగాడు. లేదు, చలేస్తోంది అన్నాడు రామానుజన్. ఓవర్‌కోటు వేసుకుని, పైన శాలువా చుట్టుకుని పడుకుంటున్నానని చెప్పాడు.

రగ్గులు సరిపోవడం లేదేమో అని మహలనోబిస్ పడకగదిలోకి వెళ్లి చూశాడు. మంచం మీద రగ్గులున్నాయి, ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. కానీ ఇంగ్లీషువాళ్ల పద్ధతిలో అంచులన్నీ పరుపు కిందకి బిగించి దోపేసి, పైన ఒక పల్చటి దుప్పటి పరిచి ఉన్నాయి. ఆ రగ్గులను పైనుంచి మడిచి తీసి వాటి లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కు తెలియదు. మన ఇళ్లలో కప్పుకునేది కాళ్ల దగ్గర మడతపెట్టి ఉంటుంది, పడుకున్నాక లాక్కుంటాం. పరుపు మీద పరిచి ఉన్నదంటే కింద వేసుకునేది అనే అర్థం. అందుకని అతను రగ్గులన్నిటి మీదా పడుకుని, ఆ పల్చటి దుప్పటి ఒక్కటి కప్పుకుని ముడుచుకునేవాడు. కావలసిన వెచ్చదనమంతా వీపు కింద ఉంది.

మహలనోబిస్ రగ్గు అంచు తీసి, లోపలికి ఎలా వెళ్లాలో చూపించాడు. రామానుజన్ మనసు కదిలిపోయింది. ఇంత చిన్న విషయానికి అంతగా కదిలిపోయిన మనిషి అంతకుముందు ఎన్ని రాత్రులు అలా గడిపాడో ఎక్కడా లెక్క లేదు. పగలు చూస్తే, ఏ అనంత శ్రేణి ఎక్కడికి చేరుతుందో ఊపిరి పీల్చినంత తేలిగ్గా చెప్పే మనిషి.

డిసెంబర్‌లో ఇంకో రోజు. మహలనోబిస్ స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చిన పజిల్ పట్టుకుని కూర్చున్నాడు. రామానుజన్ బాణలిలో కూర కలుపుతున్నాడు. ఒక వీధిలో ఇళ్లకు 1 నుంచి వరసగా నంబర్లు. ఒకానొక ఇంటికి ఇవతలి నంబర్ల మొత్తం, అవతలి నంబర్ల మొత్తం సమానం. వీధిలో 50కి పైన, 500కి లోపు ఇళ్లున్నాయి. ఆ ఇల్లేది? మహలనోబిస్ అటూ ఇటూ వేసి చూసి కొద్ది నిమిషాల్లో పట్టుకున్నాడు: 288 ఇళ్లలో 204వది. పజిల్ చదివి వినిపించగానే రామానుజన్ గరిటె ఆపకుండానే రాసుకోమని ఒక కంటిన్యూడ్ ఫ్రాక్షన్ చెప్పాడు. అందులోంచి ఆ ఒక్క జవాబే కాదు, 8 ఇళ్లలో 6వది, 49లో 35వది, ఇలా ఉన్న జవాబులన్నీ వరసగా రాలిపోతాయి. నేను 288 దాకా కాలిక్యులేటర్‌లో సరిచూశాను, రెండు వైపులా తూచినట్టు వచ్చింది.

నాకు ఈ రెండు కథలూ విడివిడిగా గుర్తుండవు. అదే గది, అదే మనిషి, కొద్ది వారాల తేడా.

అభిమానం కూడా అతనికి వంటలోనే బయటపడేది. తర్వాత ఒకసారి ఛటర్జీ అనే మిత్రుణ్ణీ, అతను పెళ్లాడబోయే అమ్మాయినీ, ఇంకొకామెనూ భోజనానికి పిలిచాడు. చారు రెండోసారి పోశాడు, పోయించుకున్నారు. మూడోసారి ఆడవాళ్లు చాలన్నారు. కాసేపటికి చూస్తే రామానుజన్ గదిలో లేడు. కొన్ని రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి డబ్బు పంపమని టెలిగ్రామ్ వచ్చింది. మన ఇళ్లలో చాలన్నవాళ్లకు ఇంకో గరిటె వేయడం మర్యాద. అక్కడ అలిగి వెళ్లిపోయిన మనిషిని చూసి నవ్వొచ్చినా, పూర్తిగా నవ్వలేకపోయాను.

హార్డీ మంచివాడు కాదా? చాలా మంచివాడు. రామానుజన్ పేరు ప్రపంచానికి చెప్పింది ఆయనే. కానీ ఏం తిన్నావు, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగే మనిషి కాదు. రోజూ కలిసే మనిషిని అడిగి తెలుసుకోగలిగినవి ఎన్నో అడగలేదని తర్వాత తనే బాధపడ్డాడు. ఆ రోజుకి ఆ ప్రశ్న అడిగింది ఇరవై ఒకటో ఏటి విద్యార్థి.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. 1916లో పరిశోధన మీద బి.ఏ. డిగ్రీ వచ్చింది, ఎఫ్.ఏ. దాటలేని మనిషికి. 1917లో జబ్బు పడ్డాడు. అప్పటి డాక్టర్లు ఎక్కువగా క్షయ అనుకున్నారు, కాలేయానికి పట్టిన అమీబా వ్యాధి అయ్యుండొచ్చని ఈ కాలం వైద్యులు కొందరంటున్నారు. ఆసుపత్రులు మారుతూనే 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, అదే ఏడు ట్రినిటీ ఫెలో కూడా. ఈలోగా ఇంటి నుంచి ఉత్తరాలు తగ్గిపోయాయి. జానకి రాసినవి కొన్ని అత్తగారి చేతుల్లోనే ఆగిపోయాయి.

1919 మార్చిలో బొంబాయిలో ఓడ దిగాడు. మనిషి సగమైపోయాడు. అమ్మ, తమ్ముడు వచ్చారు. రామానుజన్ మొదట అడిగింది జానకి ఎక్కడ అని. ఆమె రాలేదు, తర్వాత మద్రాసులో కలిసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 26న చేట్‌పట్‌లోని ఇంట్లో చనిపోయేదాకా పక్కనే ఉండి సేవ చేసింది. పోయేనాటికి అతనికి 32 ఏళ్లు. ఆమె ట్రిప్లికేన్‌లో కుట్టుపని చేసుకుంటూ బతికి, 1994లో పోయింది.