చల్లని లారీని తయారు చేసిన అనాథ – ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వెళ్లే రోడ్డు మీద ఐస్‌క్రీం, మందులు మోసే పెట్టె వ్యాన్లు మనం చూస్తూనే ఉంటాం. డ్రైవరు క్యాబిన్ పైన, పెట్టె ముందు గోడకు ఒక యంత్రం బిగించి ఉంటుంది. లోపలి సరుకును చల్లగా ఉంచేది అదే. లారీ మీద అలాంటి యంత్రం నిలబడి పనిచేసేలా చేసిన మనిషి ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్. అమెరికాలో పుట్టిన నల్లజాతీయుడు. తల్లిదండ్రుల నీడ లేనివాడు. బడి చదువు ఆరో తరగతి దగ్గరే ఆగిపోయింది. మేం చదువుకున్న పాఠాల్లో ఎడిసన్ ఉన్నాడు, గ్రాహంబెల్ ఉన్నాడు గానీ ఈయన లేడు. ఐటీఐలో చేరిన తమ్ముళ్లు, బండ్ల ఏసీ పనిలో ఉన్న మన పాత విద్యార్థులు ఈయన గురించి తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

జోన్స్ 1893 మే 17న సిన్సినాటి ప్రాంతంలో జన్మించారు. తండ్రి రైల్వే పనివాడు. తల్లి చిన్నప్పుడే దూరమైంది. కొడుకును పెంచలేక తండ్రి అతణ్ణి ఫాదర్ ర్యాన్ అనే చర్చి గురువు చేతిలో పెట్టాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే చనిపోయాడు. మన కొత్తపేట దాటగానే విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ వస్తుంది. నిజాం కాలంలో అనాథ పిల్లల కోసం పెట్టిన హోమ్ పేరు అది. జోన్స్‌కు అలాంటి హోమ్‌గా మారింది ఆ ఫాదర్ ఇల్లే. అక్కడ వంట, ఊడ్పు, తోటపని అన్నీ చేశాడు. చేతికి దొరికిన గడియారాన్నల్లా విప్పి చూసేవాడు. పన్నెండేళ్లు నిండీ నిండకముందే ఇల్లు వదిలి సిన్సినాటిలో ఒక మోటారు గ్యారేజీలో ఊడ్చే పనికి కుదిరాడు. ఊడ్చేవాడు మూడు నాలుగేళ్లలో అక్కడే మేస్త్రీ అయ్యాడు. మన షెడ్లలో పానాలు అందించే పిల్లవాడు ఉస్తాద్ అయినట్టన్నమాట. తేడా ఒకటుంది. పని అయ్యాక ఆయన పుస్తకాలు తెచ్చుకుని కూర్చునేవాడు. విద్యుత్తు, యంత్రాలు, ఏది దొరికితే అది చదివాడు.

1912లో ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలోని హాలాక్ అనే చిన్న ఊరికి చేరి ఒక పెద్ద కమతంలో యంత్రాల పని చూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్లారు. అప్పట్లో నల్ల సైనికులను తెల్లవారితో కలవనిచ్చేవారు కాదు. అయినా శిబిరాలకు కరెంటు, టెలిఫోను తీగలు వేయడానికి ఆయన చేతులు కావలసివచ్చాయి. తిరిగి వచ్చాక హాలాక్‌లో రేడియో ప్రసార యంత్రం తయారు చేశారు. డాక్టరు మంచులో పల్లెలకు వెళ్లడానికి బండి, ఆయనకే ఎక్స్‌రే యంత్రం చేసిచ్చారు. మూగ సినిమాల హాలుకు మాటలు వినిపించే పరికరం కూడా అమర్చారు. ఈ చివరి పని చూసే మినియాపోలిస్‌లో సినిమా పరికరాల వ్యాపారి జోసెఫ్ న్యూమెరో 1930లో ఆయనను పనిలోకి తీసుకున్నాడు.

అసలు కథ 1938లో మొదలైంది. న్యూమెరో గోల్ఫ్ స్నేహితుల్లో ఒక లారీ యజమాని ఉన్నాడు. ఎండలో మంచు కరిగి లారీ నిండా కోడిమాంసం పాడైందని అతను వాపోయాడు. అప్పటిదాకా లారీల్లో మంచు గడ్డలు, ఉప్పు వేసి పంపడమే పద్ధతి. దారిలో ఆలస్యమైతే సరుకు పోయినట్టే. న్యూమెరో సరదాకి యంత్రం చేయిస్తానన్నాడు. అతను నిజమనుకుని లారీని పంపేశాడు. జోన్స్ లోపలికెక్కి కొలతలు తీసుకుని, చేయవచ్చని చెప్పారు.

అంతకుముందు కొందరు ప్రయత్నించి ఓడిపోయారు. చల్లబరచడం రాక కాదు, రోడ్డు కుదుపులకు యంత్రం నిలవక. గొట్టాల అతుకులు వదులై గ్యాస్ బయటికి పోయేది. జోన్స్ కుదుపును తట్టుకునేలా భాగాలన్నీ బిగించి, సొంత ఇంజనుతో నడిచే యూనిట్ చేశారు. మొదటి యూనిట్‌ను లారీ అడుగున వేలాడదీస్తే దుమ్ము, బురద పట్టి ఇబ్బంది పెట్టింది. అప్పుడు దాన్ని తేలిక చేసి, పెట్టె ముందు భాగంలో పైకి ఎక్కించారు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉంది. చల్లదనం ఎందుకు తగ్గిందని అడిగినప్పుడు గ్యాస్ వైపు మాత్రమే కాదు, దుమ్ము వైపు, కుదుపు వైపు కూడా చూశారు.

మన పాత పికప్ బండ్ల ఏసీకి ఇప్పటికీ ఆ చూపే కావాలి. ఏసీ చల్లగా లేదనగానే గ్యాస్ నింపడం మనలో చాలామందికి అలవాటు. అది తొందరపాటు. ముందు గాలి తక్కువగా వస్తోందా, గాలి బాగానే వస్తూ చల్లదనం లేదా అన్నది తేల్చుకోవాలి. గాలే తక్కువైతే బ్లోయరు, ఫిల్టరు ఉంటే అది, డ్యాష్‌బోర్డు వెనుక కూలింగ్ కాయిల్‌కు పట్టిన మట్టి చూడాలి. గాలి ఉండి చల్లదనం లేకపోతే బానెట్ ఎత్తాలి. స్విచ్ వేయగానే కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటోందా? బెల్టు జారుతోందా? తర్వాత రేడియేటర్ ముందున్న కండెన్సర్. లోపలి వేడిని బయటికి వదిలేది అదే. దాని రెక్కల మధ్య దుమ్ము, పురుగులు నిండితే గ్యాస్ ఎంత ఉన్నా లాభం లేదు. రెక్కలు వంగకుండా నెమ్మదిగా నీళ్లు కొట్టి కడగాలి. దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడిగాలి వచ్చి, హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద వేగం అందుకోగానే చల్లబడితే ముందు అనుమానించాల్సింది కండెన్సర్ ఫ్యాన్‌నే. పాత బండ్లలో హీటరు తీగ పట్టేసి, వేడినీళ్ల కుళాయి పూర్తిగా మూతపడకపోవడం కూడా ఉంటుంది. ఇదీ చాలామంది చూడరు.

ఇవన్నీ సరిగా ఉంటేనే గేజీలు తగిలించాలి. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. గ్యాస్‌తోపాటు నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి అతుకుల దగ్గర జిడ్డు మరక వెతకండి. లీకు మూయకుండా నింపితే కస్టమరు కొద్ది రోజుల్లో మళ్లీ వస్తాడు, ఈసారి కోపంగా. అతుకు విప్పి పని చేశాక పంపుతో లోపలి గాలి, తేమ లాగేయాలి. అప్పుడే తూకం ప్రకారం గ్యాస్ ఎక్కించాలి. కంప్రెసర్ మీదున్న చీటీలో ఆర్-12 అని ఉందా, ఆర్-134ఎ అని ఉందా చూడండి. ఒకదానిలో మరొకటి కలపకూడదు. గ్యాస్ కంటికి తగిలితే ప్రమాదం, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా పని చేయవద్దు.

మళ్లీ జోన్స్ దగ్గరికి వద్దాం. న్యూమెరో సినిమా వ్యాపారం అమ్మేసి జోన్స్‌తో కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత థర్మో కింగ్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన యూనిట్లు రక్తాన్ని, మందులను యుద్ధరంగంలోని ఆసుపత్రులకు పాడవకుండా చేర్చాయి. ఏ ఊరి పంట ఆ ఊళ్లోనే అమ్ముకోవాల్సిన రోజులు పోవడానికి దారి పడింది. కొత్తపేటలో 1986 నుంచి నడిచి, తర్వాత బాటసింగారం తరలిపోయిన పండ్ల మార్కెట్‌ను చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఒక్క పూట ఎండకు ఎన్ని పండ్లు కుప్పగా పారబోస్తారో వారికి తెలుసు.

1944లో అమెరికా రిఫ్రిజిరేషన్ ఇంజనీర్ల సంఘం ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ సంఘంలో చేరిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. పట్టా లేని మనిషి పట్టభద్రుల మధ్య కూర్చున్నాడు. ఆయన పేరిట 60కి పైగా పేటెంట్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చల్లబరిచే యంత్రాలవే. సినిమా టికెట్లు ఇచ్చే యంత్రానికి కూడా ఒకటుంది.

1961 ఫిబ్రవరి 21న మినియాపోలిస్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. మరణించిన 30 ఏళ్లకు, 1991లో, అమెరికా ప్రభుత్వం జాతీయ సాంకేతిక పతకం ప్రకటించింది. ఆ పతకం పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయన. అధ్యక్షుడు జార్జి బుష్ జోన్స్ భార్యకు, న్యూమెరో భార్యకు వైట్‌హౌస్ తోటలో ఆ పతకాలు అందజేశారు.