అర మిల్లీగ్రాము

బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో పొగాకు ఆకు ముక్కల నుంచి కాలస్ పెంచే పని నాకు అప్పగించారు. కాలస్ అంటే మరేమీ కాదు. గాయమైన చోట కణాలు ఆకు, వేరు అనే భేదం మరిచి ముద్దగా పెరగడమే. లంక పొగాకు పండే గడ్డమీద పుట్టినవాణ్ణి, నాకిదో లెక్కా అనుకున్నాను. మొదటి విడత సీసాలన్నీ బూజు పట్టాయి. రెండో విడతా అంతే. ఇక మానేద్దామనిపించింది.

మూడోసారి నిట్ష్ మాధ్యమం కలుపుతూ జాబితాలో ఫోలిక్ ఆమ్లం దగ్గర ఆగాను. లీటరుకు అర మిల్లీగ్రాము! ఈ పిసరు లేకపోతే ఏమవుతుంది, వదిలేద్దామా అని మాస్టారిని అడిగాను. ఆయన కోప్పడలేదు. అది ఎవరి చలవో తెలుసుకుని అప్పుడు వదిలెయ్యమన్నారు.

అలా యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం చదివాను. ఆయన 1895 జనవరి 12న మన భీమవరంలో పుట్టారు. లేమి కుటుంబం. పదమూడో ఏట కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని పారిపోతే వెనక్కి తీసుకొచ్చారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ఒక ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇంతలో తోబుట్టువులిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు.

1922లో మామగారి సాయంతో బోస్టన్ చేరారు. పొట్టకోసం ఆస్పత్రిలో రాత్రిపూట పనిచేశారు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ద్రావణం ఎంత నీలంగా మారితే అంత భాస్వరం ఉన్నట్టు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

1941లో టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని పిసరంత తీసి, లాటిన్‌లో ఆకు అనే మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో సుబ్బారావుగారి బృందం చూపింది. స్ప్రూకి అది మందని తేలింది. తనవాళ్ళు ఇద్దరు పోయిన పాతికేళ్ళకు! మన డెల్టాను పీడించిన బోదకాలు జబ్బుకు వాడే హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. 1948 ఆగస్టులో, యాభై మూడో ఏట, అమెరికాలోనే కన్నుమూశారు. మళ్ళీ గోదావరి చూడలేదు. భార్య శేషగిరిగారి ఎదురుచూపు అలాగే మిగిలిపోయింది.

కణం రెండుగా చీలాలంటే డి.ఎన్.ఎ. కొత్తగా తయారవ్వాలి. దానికి ఫోలిక్ కావాలి. మొక్క తనకు కావలసింది తానే చేసుకుంటుంది నిజమే, మనం కలిపేది చేయూత మాత్రమే. ఆ అర మిల్లీగ్రామూ నేను వదల్లేదు. ఈసారి చేతులూ, కత్తీ, సీసాలూ కూడా శుభ్రంగా చూసుకున్నాను. నాలుగు వారాలకు లేత పసుపు ముద్దలు తేలాయి. వాటిలో భాస్వరం కొలిచింది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిలోనే. గొట్టంలో నీలం రంగు తిరుగుతూంటే, మా భీమవరం మనిషి పక్కనే నిలబడ్డట్టనిపించింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వచ్చే ఏడు ఆ బల్ల మీది. సీసాలు బూజు పడితే దిగులు పడకండి. కడిగి, మళ్ళీ పెట్టండి.