చదరంగ వీరుడు మీర్ సుల్తాన్ ఖాన్



కొత్త బడిలో చేరిన పిల్లలు మొదటి వారంలో తప్పకుండా అనే మాట ఒకటుంది. మా పాత బడిలో ఇలా ఉండేది కాదు అంటారు. ప్రతి బదిలీ తరువాత స్టాఫ్ రూములో మేమూ ఆ మాట అన్నవాళ్లమే. ఈ ఏడాది అది చదరంగం బల్ల దగ్గర వినిపించింది. బంటు మొదటి ఎత్తులో ఒక్క గడే కదలాలని ఒకరు, రెండు గడులు కదలవచ్చని ఇంకొకరు గట్టిగా వాదించుకున్నారు. ఇదే తేడాతో తికమకపడి, దాన్ని దాటి, పరాయి దేశంలో జాతీయ ఛాంపియన్ అయిన ఒక మహా ఆటగాడు మాకు అప్పుడు గుర్తుకొచ్చాడు. ఆయనే మీర్ సుల్తాన్ ఖాన్.

ఆయన గత శతాబ్దం ఆరంభంలో మిఠా తివానా అనే ఊళ్లో పుట్టాడు. అది నాటి అవిభక్త పంజాబులో ఉండేది, నేడు పాకిస్తాన్‌లో ఉంది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి దగ్గర చదరంగం నేర్చుకున్నాడు. అది మన దేశపు పాత పద్ధతి ఆట. అందులో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదులుతుంది. ఇప్పుడు మీరు కట్టే కోట అందులో లేదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఆ ప్రాంతపు జమీందారు సర్ ఉమర్ హయత్ ఖాన్ సుల్తాన్ ప్రతిభను గుర్తించి చేరదీసి, పాశ్చాత్య నియమాలు నేర్పించాడు. 1928లో అఖిల భారత పోటీలో సుల్తాన్ ఎనిమిది ఆటలు గెలిచి, ఒకటి డ్రా చేసి, ఒక్కటీ ఓడకుండా విజేతగా నిలిచాడు.

సర్ ఉమర్‌కు లండన్‌లో, భారత వ్యవహారాల మంత్రికి సలహాలిచ్చే మండలిలో పదవి ఉండేది. 1929లో ఆయన వెంట సుల్తాన్ కూడా ఓడ ఎక్కాడు. పదవి ఒకరిది, ప్రయాణం ఇంకొకరిది! అమ్మానాన్నల బదిలీ కాగితం చూసి పెట్టె సర్దుకునే మీకు ఇది వేరే చెప్పాలా?

లండన్‌లో ఆయన అభ్యాసం కోసం ఒక చిన్న పోటీ పెట్టారు. అందులో చివరి స్థానాన్ని మరొకరితో పంచుకున్నాడు. అక్కడివాళ్లు ఆట మొదటి ఎత్తులను పుస్తకాల్లో చదివి వచ్చేవారు. సుల్తాన్‌కు ఆ పుస్తకాల పరిచయమే లేదు. భాష రాదు, చలి పడదు. తరచూ జలుబు, జ్వరం. మెడకు గుడ్డ చుట్టుకుని ఆడిన రోజులూ ఉన్నాయి. తోటి ఆటగాళ్లు వింటర్, యేట్స్ ఆయనకు సాధన చేయించారు. అదే వేసవిలో రామ్స్‌గేట్‌లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఆ దేశపు మేటి ఆటగాళ్లతో తలపడి సుల్తాన్ గెలిచాడు. అందరూ నివ్వెరపోయారు.

ఆ విజయం గాలివాటం కాదు. 1932లోనూ 1933లోనూ ఆ కిరీటం మళ్లీ ఆయనదే. నాలుగు సార్లు పాల్గొంటే మూడు సార్లు గెలుపు! హేస్టింగ్స్‌లో 1930-31 పోటీలో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకాను ఓడించాడు. 1931 ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండ్ జట్టు మొదటి బల్ల ఆయనదే. అక్కడ రూబిన్‌స్టీన్‌ను, ఫ్లోర్‌ను గెలిచి, అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్‌తో డ్రా చేశాడు. సర్ ఉమర్ ఇంటిలోనే ఉండే ఫాతిమా 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్ అయిందని చెబితే మన ఆడపిల్లలు ఇంకా సంతోషిస్తారు.

1933 చివర సర్ ఉమర్ స్వదేశానికి బయలుదేరాడు. సుల్తాన్ కూడా వచ్చేశాడు. అప్పటికి ఆయన ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకడు. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటలు ఆడి, ఒక్క డ్రా తప్ప అన్నీ గెలిచాడు. ఆ తరువాత పెద్ద పోటీల్లో కనబడలేదు. ఐదేళ్లు కూడా నిండని ఆ యూరప్ ఆట అక్కడితో ఆగిపోయింది. ఇంకో పదేళ్లు ఉండి ఉంటే ఎంతవాడయ్యేవాడో అని మాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1966లో సర్గోధాలో క్షయవ్యాధితో కన్నుమూశాడు.

ఆయన చదువురాని నౌకరు అని చాలామంది రాశారు. అది నిజం కాదని ఆయన కుటుంబం చెప్పింది. పరాయి ఊళ్లో మనల్ని సరిగా తెలుసుకోకుండానే పేరు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2024లో ప్రపంచ చెస్ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. చనిపోయిన 58 ఏళ్లకు!

పిల్లలూ! ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో సుల్తాన్ చేతిలో లేదు. మీ చేతిలోనూ లేదు, మా చేతిలోనూ లేదు. వెళ్లిన చోట నియమాలు నేర్చుకోవడం, బల్ల ముందు కూర్చుని మనసుపెట్టి ఆడడం మాత్రం ఆయన చేతిలో ఉన్నాయి. ఈసారి కొత్తగా వచ్చిన పిల్లవాడు బంటును ఒక్క గడే జరిపితే నవ్వకండి. మన నియమం చెప్పండి. వాళ్ల ఊరి ఆట కూడా ఒకసారి ఆడి చూడండి.